గంప దింపిన కూలి

చిరంజీవులకు తాత ఆశీస్సులు.

తెలియనివాళ్లకు సాయం చేయాలంటే చేతిలో నాలుగు డబ్బులుండాలి కదా, మా దగ్గర ఏముంది అని మీరు అడిగారు. ఫోనులో చెప్పి వదిలేసే సంగతి కాదని రాస్తున్నాను. డబ్బు ఉండటం లేకపోవటం కన్నా, తీసుకునే మనిషి తల వంచుకోకుండా ఎలా ఇవ్వాలన్నదే కష్టమైన విషయం. అది తెలిసిన మనిషిని ఈ మధ్య షాద్‌నగర్ నుంచి జడ్చర్లకు పల్లెవెలుగు బస్సులో వస్తూ చూశాను.

బాలానగర్ దగ్గర ఒక పెద్దావిడ రెండు సీతాఫలాల గంపలతో ఎక్కింది. ఆ ఊరి పేరుతో సీతాఫలంలో ఒక రకమే ఉందని మీకు తెలుసు కదా. ఆమె వెనకాలే భార్యాభర్తలిద్దరు, చంకలో ఓ పసిబిడ్డ, ఒక మూట, ఒక స్టీలు బిందెతో ఎక్కారు. వాళ్ల మాట తెలుగు కాదు. ఒడిశాలోని బలంగీర్, నువాపడా వైపు నుంచి ఏటా నువాఖాయి అనే కొత్త పంట పండుగ దాటాక కుటుంబాలకు కుటుంబాలే మన ఇటుక బట్టీలకు వచ్చి, వానలు పడే వరకు ఉంటాయి. వీళ్లూ ఆ దారినే వచ్చినవాళ్లు.

2023 డిసెంబరు 9 నుంచి మన తెలంగాణలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. అయితే ఇక్కడి చిరునామా ఉన్న కార్డు చూపితేనే జీరో టికెట్ ఇస్తారు. బస్సులోని ఆడవాళ్లెవరూ డబ్బు ఇవ్వకపోవటం చూసి, ఆ భర్త తన ఒక్కడికే చిల్లర లెక్కపెట్టి ఇచ్చాడు. కండక్టరు ఆధార్ కార్డు తిప్పి చూసి, ఒడిశా చిరునామా కాబట్టి ఆమెకూ టికెట్ తీసుకోవాలన్నాడు. ఇందులో కండక్టరు తప్పేమీ లేదు, మిషన్‌లో లెక్క తప్పితే జవాబు చెప్పుకోవలసింది ఆయనే. భర్త చొక్కా జేబు, కొంగు ముడి, మూట అన్నీ వెతికారు. బస్సులో అందరి చూపూ వాళ్ల మీదే ఉండటంతో ఆ ఇల్లాలు బిడ్డ ముఖాన్ని కొంగుతో కప్పి కిటికీ వైపు తిరిగింది.

నేను జేబులో చెయ్యి పెట్టేలోపే పెద్దావిడ మన పాలమూరు హిందీలో ఆ భర్తను బేరమాడింది. జడ్చర్లలో తన రెండు గంపలూ దింపి రోడ్డు దాటించాలట, ఎంత తీసుకుంటావని అడిగింది. అతను తెల్లబోయి చూస్తుంటే కూలి తానే చెప్పి, కొంగు ముడి విప్పి ఆ పైసలు కండక్టరు చేతిలో పెట్టింది. "ముందే ఇస్తున్న, పండ్లు పగిలితే ఊకోను" అని బెదిరించింది కూడా. కన్ను విచ్చిన కాయ దెబ్బ తగిలితే చితికిపోతుంది కాబట్టి ఆ బెదిరింపు ఉత్తదేమీ కాదు. అతను జడ్చర్లలో గంపను పొట్టకు ఆనించుకుని, ఒక్కో మెట్టే తడుముకుంటూ దింపిన తీరు చూస్తే, అప్పు తీరుస్తున్నవాడిలా కాక పని ఒప్పుకున్నవాడిలా కనిపించాడు.

దిగాక ఆమెను పలకరించాను. పడుచుతనంలో గుంపు మేస్త్రీ వెంట పూణే వైపు మట్టిపనికి వెళ్లినప్పుడు, ఒక స్టేషన్లో ఎవరో పెట్టిన రొట్టెను ఏడుస్తూ తిన్నానని చెప్పింది. "మీరిస్తే దండం పెడ్తుండె సారూ, నేను పని చెప్పిన" అంది. పాలమూరు కూలీలు దేశమంతటా ఆనకట్టలకు, కాలువలకు మట్టి మోసినవాళ్లు. ముక్కూ ముఖం తెలియని ఊళ్లో ఎవరైనా చెయ్యి చాపి ఇస్తే ఎలా ఉంటుందో ఆ ఇళ్లలో చాలామందికి ఎరుకే.

అసలు ఆ టికెట్ డబ్బులు ఆమె ఇవ్వవలసినవి కావు. వేరే రాష్ట్రం నుంచి కూలీలను తీసుకువచ్చే కాంట్రాక్టరు వాళ్ల రాకపోకల ఖర్చు భరించాలని 1979లో వచ్చి 2025 వరకు అమల్లో ఉన్న అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టమే చెప్పింది. దయ చూపినవాళ్లను మెచ్చుకుంటూ ఈ సంగతి మరచిపోతే, ఇవ్వవలసినవాళ్లు సుఖంగా తప్పించుకుంటారు.

మీ దగ్గర డబ్బు లేదన్నారు కదా. బోర్డు చదవలేనివాళ్లకు బస్సు చూపటానికి, కిటికీ పక్క సీటు బిడ్డతల్లికి వదలటానికి డబ్బు అక్కర్లేదు. అయితే చేసేటప్పుడు నలుగురికీ వినబడేలా చేయకండి, ఫోటో అసలే తీయకండి. వీలైతే వాళ్లనూ ఏదో ఒకటి అడగండి. మీ సంచి కాసేపు పట్టుకొమ్మని అడిగినా సరే, వాళ్ల మాటలో నీళ్లను ఏమంటారని అడిగినా సరే. మీ ఊరి బట్టీకి ఈ ఏడు ఎన్ని కుటుంబాలు వచ్చాయో, వాళ్ల పిల్లలు బడికి వస్తున్నారో లేదో నాకు రాయండి.

మీ తాత