విక్టోరియా నుంచి బాపు వరకు: బందరు రోడ్డు మ్యూజియం పేరు మారిన క్రమం

విజయవాడ బందరు రోడ్డులోని విక్టోరియా జూబ్లీ మ్యూజియం 2020 అక్టోబరు 1న, గాంధీ జయంతికి ఒక రోజు ముందు, బాపు మ్యూజియం అనే కొత్త పేరుతో మళ్లీ సందర్శకులకు అందుబాటులోకి వచ్చింది. పాత కట్టడాన్ని బాగు చేసి, ఆ ఆవరణలోనే కొత్త భవనం కట్టిన తరువాత అప్పటి ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి దానిని ప్రారంభించారు. స్వాతంత్ర్యం వచ్చిన 73 ఏళ్లకు గానీ బ్రిటిష్ రాణి పేరు ఆ భవనాన్ని వదలలేదు. ఇంత ఆలస్యం ఎందుకైందో, ఆమె స్థానంలోకి గాంధీ పేరే ఎందుకు వచ్చిందో తెలియాలంటే ఆ భవనాన్ని ఎవరు, ఎందుకు కట్టారో ముందు చూడాలి.

విక్టోరియా సింహాసనం ఎక్కి 50 ఏళ్లు నిండిన సందర్భంగా 1887 జూన్‌లో సామ్రాజ్యమంతటా స్వర్ణోత్సవాలు జరిగాయి. వాటి జ్ఞాపకంగా ఊరూరా మందిరాలు, గడియార స్తంభాలు, ఆసుపత్రులు లేచాయి. బెజవాడలో ఆ నెల 27న కృష్ణా జిల్లా కలెక్టరు రాబర్ట్ సూయెల్ ఈ భవనానికి శంకుస్థాపన చేశారు. ఉద్దేశం మ్యూజియం కాదు. జిల్లాలో తయారయ్యే వస్తువులను, చేతిపనులను ప్రదర్శించే శాల. అప్పటి కృష్ణా జిల్లాలో గుంటూరు ప్రాంతం కూడా కలిసే ఉండేది. అది విడిపోయి వేరే జిల్లా అయింది 1904లో. 1855 నాటికి ఆనకట్ట పూర్తయి, కాలువల మీద సరుకు రవాణా పెరిగాక బెజవాడ ఎటునుంచైనా జనం వచ్చి కలిసే కూడలిగా మారింది కాబట్టి, జిల్లా కేంద్రం బందరులో ఉన్నా ప్రదర్శనశాల ఇక్కడ పెట్టడంలో వింత ఏమీ లేదు. అయితే సూయెల్ విషయంలో ఒక విడ్డూరం చెప్పుకోవాలి. ఆయన కేవలం పాలనాధికారి కాదు, 1877లో అమరావతి స్తూపం దగ్గర తవ్వకాలు జరిపించిన చరిత్రకారుడు. అమరావతి శిల్పాల్లో మేలైనవి చాలావరకు అప్పటికే మద్రాసుకూ లండన్‌కూ తరలిపోయాయి. ఆ శిల్పాల విలువ ఎరిగిన అధికారి చేతుల మీదుగానే, ఆ జిల్లాలో కట్టిన ప్రదర్శనశాలకు రాణి పేరు వచ్చింది.

గాంధీ పేరుకు ఆధారం 1921 నాటి సంఘటనల్లో ఉంది. ఆ ఏడాది మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ బెజవాడలో సమావేశమైంది. కోటి మంది సభ్యులను చేర్చాలని, తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు పోగుచేయాలని, 20 లక్షల రాట్నాలు తిప్పించాలని అక్కడ తీర్మానించారు. భట్లపెనుమర్రులో పుట్టిన పింగళి వెంకయ్య తాను రూపొందించిన జెండాను గాంధీ చేతికి ఇచ్చింది ఆ రోజుల్లోనే. ఎరుపు, ఆకుపచ్చ రంగుల మధ్య రాట్నం ఉన్న నమూనాకు తెల్లని పట్టీ కూడా జోడించాలని గాంధీ సూచించారు. ఆ జెండాను అందజేసిన చోటు ఈ జూబ్లీ భవనమేనని నగరంలో తరతరాలుగా చెప్పుకుంటున్నారు. 2020లో పేరు మార్చినప్పుడు ముందుకు తెచ్చిన కారణం కూడా ఈ అనుబంధమే.

1962లో పురావస్తు శాఖ ఈ భవనాన్ని మ్యూజియంగా మార్చింది. పేరు మార్చడానికి నిజానికి అదే తగిన అదను. చేతిపనుల శాల పోయి శిల్పాలు, నాణేలు, ఆయుధాలు, రాతియుగపు పనిముట్లు వచ్చి చేరాయి. అల్లూరు నుంచి తెచ్చిన నిలువెత్తు సున్నపురాతి బుద్ధ విగ్రహం వీటన్నిటిలోకి ముఖ్యమైన ఆకర్షణ అయింది. లోపల ఉన్నది మొత్తం మారినా బయట బోర్డు మీద విక్టోరియా అలాగే ఉండిపోయింది.

నగరంలోని ఇతర కళాస్థలాల పేర్లు వేరే దారిలో వచ్చాయి. తుమ్మలపల్లి వారి క్షేత్రయ్య కళాక్షేత్రం దాత ఇంటిపేరును, మువ్వ గోపాలుని పదాలు కట్టిన కవి పేరును కలిపి మోస్తోంది. జనం నోట మాత్రం మిగిలింది తుమ్మలపల్లి. ప్రభుత్వ సంగీత కళాశాల ఘంటసాల పేరుతో నడుస్తోంది. ఆయన చౌటపల్లిలో పుట్టినా సంగీతం నేర్చింది విజయనగరంలో. ఇక్కడి కళాశాలకు తొలి ప్రిన్సిపాల్ మంగళంపల్లి బాలమురళీకృష్ణ. ఆయన పేరు పెట్టి ఉంటే కూడా కాదనేవారు ఉండరు. రాజకీయ నాయకుల పేర్ల సంగతి అలా ఉండదు. ఇదే నగరంలోని ఆరోగ్య విశ్వవిద్యాలయానికి 2022లో ఎన్టీఆర్ పేరు తీసి వైఎస్సార్ పేరు పెట్టారు, 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ ఎన్టీఆర్ పేరుకే వచ్చారు. బాపు పేరు ఏ పార్టీకీ అభ్యంతరం కానిది కాబట్టి మ్యూజియం విషయంలో అలాంటి లాగులాట జరగలేదు.

కొత్త పేరుతో రెండు చిక్కులు లేకపోలేదు. బందరు రోడ్డుకు ఇప్పటికే మహాత్మా గాంధీ రోడ్డు అనే పేరుంది, అయినా ఊళ్లో ఎక్కువగా వినిపించేది బందరు రోడ్డే. పైగా కళ అనే మాట పక్కన బాపు అని వింటే తెలుగువారికి ముందు తట్టేది బొమ్మల బాపు.

అంతకంటే పెద్ద వెలితి చేతిపనులది. మెత్తని తెల్లపొణికి కర్రను చెక్కి, చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపి చేసిన మక్కుతో అతికే కొండపల్లి బొమ్మలు గానీ, చెక్క అచ్చులతో సహజ రంగులు అద్దే బందరు కలంకారీ గానీ, ఈ ప్రాంతానికి పేరు తెచ్చిన పనులు ఇలాంటివే. జిల్లా చేతిపనుల కోసమే కట్టిన ఆ శాలకు 1887లో పెట్టిన పేరులోనూ, 2020లో పెట్టిన పేరులోనూ వాటి ఊసు లేదు.