బూజు ఎవరి తప్పు? ఇంగ్లండ్ అద్దె ఇళ్ల డిపాజిట్ తగాదాల వెనుక చరిత్ర

ఇంగ్లండ్‌లో చదువుకుంటున్న మన పిల్లలు ఇల్లు ఖాళీ చేసిన కొద్ది రోజులకు ఏజెంటు దగ్గర్నుంచి ఈమెయిల్ వస్తుంది. దానికి జతగా చెకవుట్ రిపోర్టు, అంటే ఖాళీ చేసిన ఇంటి తనిఖీ నివేదిక, ఉంటుంది. బెడ్‌రూమ్ బయటి గోడ మూలన, వార్డ్‌రోబ్ వెనకాల నల్లటి బూజు పట్టిందని ఫోటోలతో సహా చూపిస్తారు. బూజు కడిగించడానికి ఇంత, గోడకు మళ్లీ రంగు వేయించడానికి ఇంత, అంతా మీ డిపాజిట్‌లోంచి కోస్తాం అని కింద లెక్క రాస్తారు. కారణం మాత్రం తరచూ ఒకటే: అద్దెకున్నవాళ్లు కిటికీలు తెరవలేదు, తడి బట్టలు లోపలే ఆరేశారు, హీటింగ్ సరిగా వేయలేదు. ఈస్ట్‌హామ్‌లోనో లెస్టర్‌లోనో ఒకే ఇంట్లో నలుగురైదుగురు సర్దుకుని ఉండే కుర్రాళ్లకు దీనికేం జవాబు చెప్పాలో తోచదు. బట్టలు లోపల ఆరేసిన మాట నిజమే. రోజూ అన్నం, పప్పు వండిన మాటా నిజమే. తప్పు తమదేనేమో అనుకుని చాలామంది ఆ డబ్బు మీద ఆశ వదిలేసుకుంటారు.

అంత తేలిగ్గా వదులుకోవాల్సిన డబ్బు కాదది. ఈ తగాదాలో నిజానికి రెండు ప్రశ్నలు కలిసిపోయాయి. డిపాజిట్ డబ్బు ఎవరి చేతిలో ఉండాలన్నది ఒకటి. గోడ చెమ్మకు బాధ్యులెవరన్నది రెండోది. ఇంగ్లండ్ చట్టంలో ఈ రెండూ వేర్వేరు దారుల్లో నడిచాయి. మొదటిదానికి 2007లో చాలావరకు పరిష్కారం దొరికింది. రెండోదాన్ని పట్టించుకోవడానికి ఒక పసిబిడ్డ ప్రాణం పోవాల్సి వచ్చింది.

ముందు గోడ సంగతి. చెమ్మ అంతా ఒక రకం కాదు. నేల నుంచి గోడలోకి పైకి పాకే చెమ్మ ఒకటి. అది సాధారణంగా మీటరు ఎత్తు వరకే వస్తుంది, ఆగినచోట తెల్లటి ఉప్పు చార కనిపిస్తుంది. పైకప్పు పెంకు జారినా, గట్టర్ పగిలినా వాన నీరు లోపలికి దిగే చెమ్మ ఇంకొకటి. వాన పడినప్పుడల్లా ఆ మచ్చ పెద్దదవుతుంది. ఈ రెండూ ఇంటి లోపాలేనని ఎవరైనా ఒప్పుకుంటారు. గొడవంతా మూడోదాని దగ్గరే. వంట ఆవిరి, స్నానాల ఆవిరి, ఆరేసిన బట్టల తడి, చివరికి మనుషుల ఊపిరి కూడా గాలిలో చేరి, చల్లగా ఉన్న గోడకు తగిలి నీరవుతుంది. అక్కడే నల్ల బూజు పడుతుంది. ఆవిరి మనుషులదే, కాదనలేం. ఆ గోడ అంత చల్లగా ఎందుకుందన్నది మాత్రం ఇల్లు కట్టినవాళ్లను, ఓనర్‌ను అడగాల్సిన ప్రశ్న. ఇంగ్లండ్‌లో విక్టోరియా రాణి కాలం నాటి వరస ఇళ్లు ఇప్పటికీ లక్షల్లో అద్దెకు నడుస్తున్నాయి. వాటివి మధ్యలో ఖాళీ వదలని ఇటుక గోడలు, చలిని ఆపలేవు. పొయ్యిలు మూసేసి, పాత కిటికీల సందులు పోయేలా కొత్త అద్దాలు బిగించి, గాలి పోయే దారి మాత్రం చూపని ఇళ్లు ఎన్నో.

ఓనర్ బాధ్యత గురించి కోర్టులు చాలాకాలం అద్దెకున్నవాళ్ల వైపు చూడలేదు. 1843లో బ్రైటన్‌లో సర్ థామస్ మారబుల్ కుటుంబం ఐదు వారాలకు ఒక ఇల్లు తీసుకుంది. మంచాలు, కుర్చీలు అన్నీ ఓనర్‌వే. ఇంటి నిండా నల్లులు. వాళ్లు మధ్యలోనే ఖాళీ చేస్తే ఓనర్ మిగతా అద్దె కోసం కోర్టుకెక్కాడు. సామాన్లతో సహా ఇచ్చే ఇల్లు, దిగేనాటికి మనుషులుండేలా ఉండాలని కోర్టు ఆ కుటుంబానికి అనుకూలంగా తీర్పిచ్చింది. కానీ అదే ఏడాది మరో కేసులో, సామాన్లు లేకుండా ఇచ్చే ఇంటికి ఆ సూత్రం వర్తించదని తేల్చేశారు. మామూలు జనం ఉండేది అలాంటి ఇళ్లలోనే.

1885లో పార్లమెంటు, తక్కువ అద్దె ఇళ్లు నివాసయోగ్యంగా ఉండి తీరాలని చట్టం చేసింది. మాట మంచిదే, మెలిక మాత్రం ఆ అద్దె పరిమితిలో పెట్టారు. 1957లో ఆ పరిమితిని లండన్‌లో ఏడాదికి 80 పౌండ్లు, మిగతా చోట్ల 52 పౌండ్లుగా సవరించారు. ఆ తర్వాత దాన్ని పెంచనే లేదు. 52 పౌండ్లంటే వారానికి ఒక్క పౌండు. అద్దెలు అక్కడి నుంచి ఎన్నో రెట్లు పెరిగాయి కాబట్టి, ఆ చట్టం పుస్తకంలో ఉంటూనే దాదాపు ఏ ఇంటికీ వర్తించని స్థితికి చేరింది. 2019 దాకా అదే పరిస్థితి. ఇన్ని ప్రభుత్వాలు మారినా ఆ ఒక్క అంకెను ఎవరూ సవరించకపోవడాన్ని మరచిపోవడం అని సరిపెట్టుకోలేను.

ఇక మిగిలింది 1961లో వచ్చిన రిపేర్ల నిబంధన, ఇప్పుడు 1985 చట్టంలో 11వ సెక్షన్. ఇంటి కట్టడం, బయటి భాగం చెడిపోతే బాగు చేయించాల్సింది ఓనరే. దీన్ని పట్టుకుని వేల్స్‌లో టాఫ్ ఈలీ కౌన్సిల్ (స్థానిక ప్రభుత్వం) ఇంట్లో అద్దెకుంటున్న క్విక్ అనే ఆయన కోర్టుకు వెళ్లాడు. అదే క్విక్ వర్సెస్ టాఫ్ ఈలీ కేసు. 1970ల తొలినాళ్లలో కట్టిన ఇల్లు, ఇనుప చట్రాల కిటికీలు, వాటి పైన చలిని ఆపలేని కాంక్రీటు దూలాలు. చలికాలం వస్తే గోడలు నీళ్లు కారేవి. బట్టలు, పరుపులు, సామాన్లు కుళ్లిపోయాయి. కింది కోర్టు ఆయన పక్షాన నిలిచింది. 1985లో అప్పీలు కోర్టు దాన్ని కొట్టేసింది. కిటికీ పగల్లేదు, దూలం విరగలేదు, ఇల్లు కట్టినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది, కాబట్టి రిపేరు అన్న ప్రశ్నే రాదంది. నా దృష్టిలో ఈ చరిత్ర మొత్తంలో అన్నిటికంటే ఎక్కువమందిని దెబ్బతీసిన తీర్పు ఇదే. ఇల్లు మొదటినుంచీ చెడ్డగా ఉంటే ఓనర్‌కు బాధ్యత లేదు, మంచి ఇల్లు తర్వాత పాడైతేనే ఉంది. ఆ తర్వాత ముప్ఫై ఏళ్లకు పైగా, ఆవిరి చెమ్మ అనగానే వేలు అద్దెకున్నవాళ్ల వైపే తిరిగింది.

సరిగ్గా అదే కాలంలో ప్రైవేటు అద్దె ఇళ్లు పెరిగాయి. 1988 చట్టంతో, 1989 జనవరి నుంచి, స్వల్పకాలిక ఒప్పందాలు వచ్చాయి. కారణం చెప్పకుండానే రెండు నెలల నోటీసుతో ఖాళీ చేయమనే వీలు 21వ సెక్షన్ ఇచ్చింది. బూజు గురించి ఫిర్యాదు చేస్తే ఇల్లే పోతుందన్న టెన్షన్ ఉన్నప్పుడు ఎవరు నోరు విప్పుతారు? ఫిర్యాదు చేయలేదు కాబట్టి రికార్డు ఉండదు. ఖాళీ చేసేటప్పుడు, చెప్పలేదుగా, మీ వల్లే ముదిరింది అంటారు.

ఇప్పుడు డిపాజిట్. 2007కు ముందు ఆ డబ్బు ఓనర్ ఖాతాలోనో ఏజెంటు ఖాతాలోనో ఉండేది. తిరిగి ఇవ్వకపోతే అద్దెకున్నవాళ్లే ఫీజు కట్టి కౌంటీ కోర్టుకు వెళ్లాలి. డబ్బు చేతిలో ఉన్నవాడు ఊరికే కూర్చుంటే చాలు, రానివాడు పరిగెత్తాలి. సిటిజన్స్ అడ్వైస్ లాంటి ఉచిత సలహా సంస్థలు 1990లలో దీనిపై గట్టిగా పోరాడాయి. 2000లో ప్రభుత్వం స్వచ్ఛంద పథకం ఒకటి ప్రయోగాత్మకంగా పెట్టి చూసింది. ఇష్టమైతే చేరండి అంటే చేరాల్సినవాళ్లు చేరరు. చివరికి 2004 హౌసింగ్ చట్టంలో దాన్ని తప్పనిసరి చేశారు, 2007 ఏప్రిల్ 6 నుంచి అమలు చేశారు. డిపాజిట్‌ను గుర్తింపు పొందిన పథకంలో పెట్టాలి. పెట్టకపోతే జరిమానా ఉంటుందని, 21వ సెక్షన్ నోటీసూ చెల్లదని పెట్టారు. ఆలస్యంగా పెట్టినా చాలన్నట్టు 2010లో అప్పీలు కోర్టు తీర్పిస్తే, పార్లమెంటు ఆ కంత పూడ్చింది. 2012 ఏప్రిల్ నుంచి డబ్బు అందిన 30 రోజుల్లో పెట్టి తీరాలి. లేకపోతే డిపాజిట్‌కు ఒకటి నుంచి మూడు రెట్ల దాకా అద్దెకున్నవాళ్లకు చెల్లించాలి. 2019 జూన్ 1 నుంచి డిపాజిట్‌కే పరిమితి వచ్చింది. ఏడాది అద్దె 50,000 పౌండ్ల లోపుంటే ఐదు వారాల అద్దెకు మించి అడగకూడదు. బెంగళూరులో పది నెలల అడ్వాన్సు కట్టినవాళ్లకు ఇది చాలా తక్కువగా అనిపిస్తుంది.

జరిమానాల కంటే పెద్ద మార్పు ఇంకొకటి ఉంది. తగాదా వస్తే ఈ పథకాలు ఉచితంగా తీర్పరిని పెడతాయి. ఆయన మొదలుపెట్టేదే, ఈ డబ్బు అద్దెకున్నవాళ్లది అన్న దగ్గర్నుంచి. కోయాలనుకునే ఓనరే నష్టం జరిగిందని, అది వీళ్ల వల్లే జరిగిందని రుజువు చూపాలి. రెండు వైపులా సాక్ష్యం సమానంగా ఉంటే డబ్బు అద్దెకున్నవాళ్లకే. వాడకం వల్ల వచ్చే మామూలు అరుగుదలకు పైసా కోయకూడదు. ఐదేళ్ల నాటి పాత రంగుకు కొత్త రంగు ఖర్చంతా వసూలు చేయకూడదు. అంతా కాగితాల మీదే జరుగుతుంది, తీర్పరి ఇంటికి రాడు. అందుకే బూజు కేసులో ఆయన చూసేవి కొన్నే. దిగిన రోజు ఇన్వెంటరీలో, అంటే ఇంటి స్థితి రాసుకున్న జాబితాలో, ఆ గోడ ఎలా ఉంది? బాత్రూమ్ ఫ్యాన్ పనిచేసిందా? చెమ్మ కనిపించగానే అద్దెకున్నవాళ్లు రాతపూర్వకంగా చెప్పారా, చెప్పాక ఓనర్ ఏం చేశాడు? నవంబరులో పంపిన ఒక్క ఈమెయిల్, గోడ ఫోటోతో సహా, జూన్‌లో మొత్తం డిపాజిట్‌ను నిలబెట్టగలదు. బట్టలు లోపల ఆరేశారన్న ఓనర్ మాట ఒక్కటే దానంతటదే రుజువు కాదు.

నివాసయోగ్యత విషయంలో మార్పు 2017లో లండన్‌లో గ్రెన్‌ఫెల్ టవర్ అనే నివాస భవనం తగలబడిన తర్వాతే ఊపందుకుంది. అప్పటి ఎంపీ కారెన్ బక్ తెచ్చిన 2018 చట్టం, ఆ 52 పౌండ్ల పరిమితిని ఎత్తేసింది. 2019 మార్చి 20 నుంచి ఇల్లు మనుషులుండేలా ఉండటం ఓనర్ బాధ్యత, అందులో చెమ్మ లేకపోవడమూ ఒక లెక్క. కట్టడంలోనే లోపం ఉందంటూ తప్పించుకునే దారి అప్పుడు మూసుకుంది.

అయినా మనుషుల ఆలోచన మారలేదు. రోచ్‌డేల్ అనే ఊళ్లో, తక్కువ అద్దెకు ఇళ్లిచ్చే ఒక హౌసింగ్ సంస్థ ఫ్లాట్‌లో సూడాన్ నుంచి వచ్చిన కుటుంబం ఉండేది. తండ్రి ఫైసల్ అబ్దుల్లా 2017లోనే బూజు గురించి చెప్పాడు. దాని మీద రంగు వేసుకోమన్నారు. వేశాడు, మళ్లీ వచ్చింది. 2020 డిసెంబరు 21న, రెండో పుట్టినరోజు జరిగిన ఎనిమిది రోజులకు, ఆయన కొడుకు అవాబ్ ఇషాక్ ఊపిరితిత్తుల జబ్బుతో చనిపోయాడు. కారణం ఆ బూజేనని 2022 నవంబరులో మరణ కారణం విచారించే అధికారి (కరోనర్) జోవాన్ కియర్స్‌లీ తేల్చారు. ఆ కుటుంబం స్నానం చేసే పద్ధతి, బతికే తీరు వల్లే తేమ వస్తోందని తాము అనుకున్నామని, అలా అనుకోవడం తప్పేనని ఆ సంస్థ తర్వాత ఒప్పుకుంది. మన పిల్లలకు వచ్చే ఈమెయిల్‌లోనూ ఉండేది ఆ ఊహే. వండుకునే తీరు, ఉతుక్కునే తీరు వేరైన మనుషుల మీద అది ఇంకా తేలిగ్గా వాలుతుంది. 2021 అక్టోబరులోనే, అద్దె ఇళ్ల ఫిర్యాదులు విచారించే హౌసింగ్ అంబుడ్స్‌మన్ చెమ్మకు జీవనశైలిని నిందించడం ఆపమని ఓనర్లను హెచ్చరించారు.

ఆ బిడ్డ పేరు మీదే అవాబ్ చట్టం వచ్చింది. 2025 అక్టోబరు 27 నుంచి కౌన్సిల్, హౌసింగ్ సంస్థల ఇళ్లలో ప్రాణం మీదికొచ్చే సమస్య ఉంటే 24 గంటల్లో చూడాలి, ప్రమాదం తప్పించాలి. తీవ్రమైన చెమ్మ, బూజు అయితే 10 పనిదినాల్లో తనిఖీ చేయాలి, ప్రమాదమని తేలితే ఆపై 5 పనిదినాల్లో ఇంటిని సురక్షితం చేయాలి. అదే 27న ఆమోదం పొందిన అద్దెదారుల హక్కుల చట్టం దీన్ని ప్రైవేటు ఇళ్లకూ విస్తరించే వీలు కల్పించింది, 21వ సెక్షన్ రద్దుకు 2026 మే 1ని ఖరారు చేశారు. బ్రిటన్‌లో పూచీ ఇచ్చేవాళ్లు లేరని మన విద్యార్థుల దగ్గర ఆరు నెలల అద్దె ముందే గుంజే అలవాటుకూ అదే తేదీ నుంచి అడ్డుకట్ట: ఒక నెలకు మించి ముందుగా అడగకూడదు.

ఈ రక్షణలన్నిటికీ బయట ఉండిపోయేవాళ్లలో మనవాళ్లు చాలామందే ఉన్నారు. అసలు ఓనర్‌తో కాకుండా, ఆ ఇంట్లోనే ఉంటూ గది తిరిగి అద్దెకిచ్చే సీనియర్‌కు డిపాజిట్ నగదుగా ఇచ్చేస్తారు. చట్టం దృష్టిలో అలా ఉండేవాళ్లు లాడ్జర్లు, వాళ్లకు డిపాజిట్ పథకం వర్తించదు. గది ఇచ్చిన మనిషి ఆ ఇంట్లో ఉండకపోతే సంగతి వేరు, అప్పుడు ఆయనే ఓనర్ కింద లెక్క, డిపాజిట్ పథకంలో పెట్టాల్సిన బాధ్యతా ఆయనదే. పెట్టలేదని తర్వాత తెలిసినా, చదువు ముగించుకుని హైదరాబాద్ వచ్చేసినా సాధారణంగా ఆరేళ్ల దాకా కౌంటీ కోర్టులో దావా వేయవచ్చు.