కేయూ పాత్ర మారాలంటే ముందు 2017 సంగతి తేలాలి

యూనివర్సిటీల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టులు ఎలా నింపాలన్న గొడవ మళ్లీ రాజుకోగానే, అసలు కాకతీయ యూనివర్సిటీ (కేయూ) జనానికి ఏం చేస్తోందన్న ప్రశ్న కూడా వెంటే వచ్చింది. 1976లో హనుమకొండలో పుట్టిన యూనివర్సిటీ ఇది. ఎనభైల్లో బాలగోపాల్ ఇక్కడ లెక్కలు చెబుతూనే పౌరహక్కుల కోసం తిరిగారనీ, 1991 నుంచి 1994 దాకా వీసీగా చేసిన జయశంకర్ సార్ నీళ్లు, నిధులు, నియామకాల్లో తెలంగాణకు జరిగిన అన్యాయాన్ని లెక్కలతో సహా జనం ముందు పెట్టారనీ తెలిసిందే.

నా దృష్టిలో కథ అడ్డం తిరిగింది 2017లో. రాష్ట్రంలోని యూనివర్సిటీల్లో 1,061 అధ్యాపక పోస్టులు నింపుతామని ప్రభుత్వం ఒప్పుకుంది, అవి నిండలేదు. 2019లో వీసీల పదవీకాలం అయిపోతే 2021 మే దాకా ఐఏఎస్‌లే ఇన్‌చార్జిలు. 2022లో అన్ని యూనివర్సిటీల పోస్టులూ ఒకే బోర్డుతో నింపాలన్న ఉమ్మడి నియామక బోర్డు బిల్లు అసెంబ్లీ దాటి గవర్నర్ దగ్గర ఆగింది. ఈలోగా రిటైరైన ప్రొఫెసర్ల క్లాసులన్నీ కాంట్రాక్టు, పార్ట్‌టైమ్ వాళ్ల నెత్తిన పడ్డాయి.

దీని దెబ్బ పాఠాల కంటే పరిశోధనకే గట్టిగా తగిలింది. యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ (యూజీసీ) నిబంధనల ప్రకారం రెగ్యులర్ అధ్యాపకులే పీహెచ్‌డీ గైడ్‌గా ఉండాలి, అదీ ప్రొఫెసర్‌కు ఎనిమిది మంది, అసోసియేట్‌కు ఆరుగురు, అసిస్టెంట్‌కు నలుగురు మించకుండా. ఒక ప్రొఫెసర్ రిటైరై ఆ పోస్టు ఖాళీగా ఉంటే ఎనిమిది మంది స్కాలర్లకు చోటు పోయినట్టే. ఏళ్ల తరబడి పీజీ క్లాసులు చెబుతున్న కాంట్రాక్టు సార్‌కు డాక్టరేట్ ఉన్నా ఒక్కరిని కూడా తీసుకునే వీల్లేదు. 2023 సెప్టెంబరులో పీహెచ్‌డీ ప్రవేశాల్లో అక్రమాలు జరిగాయని విద్యార్థులు ఆందోళనకు దిగినప్పుడు అందరూ ఆ అక్రమాల గురించే మాట్లాడారు, సీట్లు ఎందుకు తగ్గిపోతాయో అడిగినవాళ్లు తక్కువ. అదే ఏడాది జూలైలో భూపాలపల్లి జిల్లాలో మోరంచవాగు పొంగి మోరంచపల్లి ఊరు మునిగింది. ఇలాంటివి ఎందుకు జరుగుతున్నాయో తేల్చాల్సింది పరిశోధనే. ఇక్కడి వాగుల మీద, పోడు భూముల మీద ఏళ్లపాటు పనిచేసే స్కాలర్లు కేయూ నుంచి రాకపోతే ఇంకెక్కడి నుంచి వస్తారు?

2025 ఏప్రిల్‌లో అసిస్టెంట్ ప్రొఫెసర్ల నియామకాల మీద ప్రభుత్వ ఉత్తర్వు, జీవో 21 వచ్చింది. కొత్త నియామకాలకు యూజీసీ అర్హతలే ప్రాతిపదిక అని ప్రభుత్వం, ముందు మమ్మల్ని రెగ్యులరైజ్ చేయండని కాంట్రాక్టు అధ్యాపకులు. ఇన్నేళ్లు డిపార్ట్‌మెంట్లను మోసింది వాళ్లే కాబట్టి ఆ సర్వీసుకు తగిన వెయిటేజీ ఇవ్వాల్సిందే. నోటిఫికేషన్ మాత్రం గైడ్లు లేక పరిశోధన ఆగిపోయిన డిపార్ట్‌మెంట్లతో మొదలవ్వాలి.