రాయి ఒకటే, రోగులు వేరు: పిత్తాశయం ఆపరేషన్ వెనక 140 ఏళ్ల కథ

కిడ్నీ నొప్పని వెళ్తారు, నెలసరి తేడాగా ఉందని వెళ్తారు, ఆఫీసు హెల్త్ చెకప్‌లో భాగంగా వెళ్తారు. విశాఖలో కేజీహెచ్ డౌన్‌లోనో రామ్‌నగర్‌లోనో స్కానింగ్ చేయించుకుని బయటికొచ్చేసరికి రిపోర్టులో అడగని సంగతి ఒకటి చేరి ఉంటుంది: గాల్ బ్లాడర్‌లో, అంటే పిత్తాశయంలో, 8 మిల్లీమీటర్ల రాయి. ఆ రాత్రి నుంచి ఇంట్లో అదే చర్చ. ఫలానా వాళ్లకి తీసేశారు, రెండో రోజే ఇంటికొచ్చేశారు, మనమూ తీయించేస్తే ఓ పనైపోతుంది కదా అని ఒకరు. పసరు తాగితే కరిగిపోతుందని ఇంకొకరు.

చాలాసార్లు ఇద్దరి మాటా తప్పే. రాయి ఎంతుందన్నదాని కన్నా ముందు సర్జన్ మూడు విషయాలు తేల్చుకోవాలి. దానివల్ల నొప్పి వచ్చిందా, పిత్తాశయం గోడ వాచిందా, రాయి కిందికి జారి, కాలేయం నుంచి పేగుకి పైత్యరసం తెచ్చే పైత్యనాళంలో పడిందా. విశాఖలో నాలుగోది కూడా అడగాలి: మనిషి ఏజెన్సీ నుంచి వచ్చారా, ఎర్రకణాల జబ్బు సికిల్ సెల్‌కి పరీక్ష అయిందా. ఈ ప్రశ్నలేవీ ఒక్కరోజులో పుట్టలేదు. ఒక్కోదాని వెనకా కొన్ని దశాబ్దాల అనుభవం, కొన్ని తప్పులు ఉన్నాయి.

1867లో అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో జాన్ బాబ్స్ అనే సర్జన్ పిత్తాశయాన్ని తెరిచి, రాళ్లు ఏరి, మళ్లీ కుట్టేశారు. తిత్తి అక్కడే ఉంది కాబట్టి రాళ్లు మళ్లీ పుట్టడానికి చోటూ ఉంది. 1882 జూలై 15న బెర్లిన్‌లో కార్ల్ లాంగెన్‌బుక్ అసలు తిత్తినే తీసేశారు. రాళ్లున్నాయని కాదు, రాళ్లను పుట్టిస్తోంది కాబట్టి తీయాలన్నది ఆయన వాదన. శవాల మీద సాధన చేశాకే బతికున్న మనిషి మీద కత్తి పెట్టారు. ఆ రోగి బతికి, కోలుకుని ఇంటికెళ్లాడు. రాళ్లను మాత్రం తీసి తిత్తిని వదిలేసే పద్ధతి నేటికీ ఎందుకు నిలవలేదో ఈ ఒక్క వాదన చెబుతుంది. 1970లలో రాయి కరిగించే మాత్రలు, 1980లలో బయటి నుంచి షాక్ తరంగాలతో పగలగొట్టే యంత్రాలు వచ్చాయి. చిన్న చిన్న కొలెస్ట్రాల్ రాళ్లు కొన్ని కరిగాయి కూడా. మందు ఆపిన ఐదేళ్లలో దాదాపు సగం మందికి మళ్లీ వచ్చాయి. పసరు సంగతికొస్తే, ఆలివ్ నూనె, నిమ్మరసం తాగాక విరేచనంలో పడే ఆకుపచ్చ ఉండలు రాళ్లు కావు. ఆ నూనే పేగులో సబ్బులా గడ్డకట్టి బయటికొస్తుంది.

విశాఖలో ఆంధ్ర మెడికల్ కాలేజీ, కింగ్ జార్జ్ హాస్పిటల్ రెండూ 1923లో మొదలయ్యాయి. ఆ తర్వాత చాలా దశాబ్దాల పాటు ఎక్కడైనా పిత్తాశయం ఆపరేషన్ అంటే కుడి పక్కటెముకల కింద జానెడు కోతే. వారం పది రోజులు మంచం, నెలన్నర బరువులు ఎత్తకూడదు, దగ్గితే ప్రాణం పోయినంత నొప్పి. అందుకే నొప్పితో తట్టుకోలేని వాళ్లే ఒప్పుకునేవారు. ఆ కోత భయమే నొప్పి లేని రాళ్లవాళ్లని అనవసర ఆపరేషన్ల నుంచి కాపాడింది.

ఆ భయపు గోడ 1985లో కూలింది. జర్మనీలోని బోబ్లింగెన్‌లో ఎరిక్ మ్యూహే సెప్టెంబర్ 12న లాపరోస్కోప్‌తో, అంటే చిన్న గాటులోంచి కడుపులోకి చూసే గొట్టంతో, పిత్తాశయం తీశారు. మరుసటి ఏడాది జర్మన్ సర్జన్ల సభలో చెబితే ఎవరూ మెచ్చలేదు. 1992లో అదే సంఘం పిలిచి సత్కరించింది. 1987లో ఫ్రాన్స్‌లో ఫిలిప్ మూరె చేశాక ప్రపంచమంతా పాకింది. మన దేశంలో 1990లో ముంబై జేజే హాస్పిటల్‌లో తెహెమ్టన్ ఉద్వాడియా మొదటిసారి చేశారు. నాలుగు చిన్న గాట్లు, రెండో రోజుకి ఇల్లు. అంత తేలికైతే వద్దనేదెవరు?

ఇక్కడే ఒక లెక్క చూడాలి. అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రంలో లాపరోస్కోపీ రాక ముందూ వచ్చాకా పోల్చి 1994లో ప్రచురించారు. ఒక్కో ఆపరేషన్‌కి మరణాల రేటు 33 శాతం తగ్గింది. కానీ ఆపరేషన్ల రేటు 28 శాతం పెరిగింది. మొత్తం చనిపోయినవాళ్ల సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఆపరేషన్ మెరుగైంది, చేయించుకోవడానికి ఉన్న అడ్డు తగ్గింది. వెనకటి రోజుల్లో ఇంట్లో కూర్చునేవాళ్లు ఇప్పుడు టేబుల్ ఎక్కుతున్నారు.

వాళ్లలో ఎందరికి అవసరం? దీనికి జవాబు అప్పటికే ఉంది. మిషిగన్ విశ్వవిద్యాలయ సిబ్బందిలో లక్షణాల్లేకుండా రాళ్లు మాత్రమే కనపడ్డ 123 మందిని ఏళ్ల తరబడి గమనించి 1982లో ఫలితాలు ఇచ్చారు. ఐదేళ్లలో 10 శాతం మందికి, పదేళ్లలో 15, పదిహేనేళ్లలో 18 శాతం మందికి నొప్పి వచ్చింది. తర్వాత ఆ సంఖ్య ఇరవయ్యో ఏడు దాకా అక్కడే ఆగింది. అంటే పదిమందిలో ఎనిమిది మంది రాయితోనే హాయిగా తిరిగారు. దాదాపు అందరికీ ముందు నొప్పే వచ్చింది, ప్రమాదం ఆ తర్వాతే. అందుకే చూస్తూ ఉండొచ్చన్న మాటకి బలం. పోర్సిలిన్ లాగా గోడ సున్నం పట్టినా, లోపలి గోడకి 10 మిల్లీమీటర్లు దాటిన పిలక (పాలిప్) ఉన్నా, రాయి మరీ పెద్దదై 3 సెంటీమీటర్లు దాటినా కేన్సర్ భయం వల్ల మినహాయింపు ఇస్తారు. షుగర్ ఉందన్న ఒక్క కారణంతో నొప్పి లేని రాయికి ఆపరేషన్ చేయాలన్న పాత సలహా ఇప్పుడు నిలబడదు.

నొప్పి అంటే ఏ నొప్పి అన్నది ఇంకా ముఖ్యం. రాయి నొప్పి కుడి పక్కటెముకల కింద గానీ పైపొట్ట మధ్యలో గానీ పుడుతుంది. అరగంటకి తగ్గదు, గంటల తరబడి ఉంటుంది, తరచూ అర్ధరాత్రి లేపుతుంది, కుడి భుజం రెక్క వైపు పాకుతుంది. పుల్లటి తేన్పులు, కడుపుబ్బరం, తిన్నాక బరువు, ఇవి రాయి పనులు కావు. వీటికి పిత్తాశయం తీయిస్తే రాయి పోతుంది, గ్యాస్ ఉంటుంది. నెదర్లాండ్స్‌లో 1067 మంది మీద చేసి 2019లో వెల్లడించిన పరిశీలనలో, ఆపరేషన్‌కి ఎవరిని పంపాలో గట్టిగా వడపోసినా, మామూలుగా పంపినా, ఏడాది తర్వాత నొప్పి పూర్తిగా పోయినవాళ్లు 56, 60 శాతమే. తక్కినవాళ్ల నొప్పికి మూలం వేరే చోట ఉంది. ఆపరేషన్‌కి ముందు నెలరోజులు గ్యాస్ మాత్ర వాడి చూడమని డాక్టర్ అంటే దాటేస్తున్నారనుకోవద్దు.

పిత్తాశయం వాచిపోతే ఇంత తీరిక లేదు. జ్వరం, వదలని నొప్పి, స్కానింగ్‌లో గోడ 3 మిల్లీమీటర్లు దాటి మందం, ప్రోబ్ నొక్కితే ఊపిరి ఆగిపోయేంత నొప్పి. పాతకాలంలో యాంటీబయాటిక్స్ ఇచ్చి చల్లబరిచి, ఆరు వారాలయ్యాక రమ్మనేవారు. 2013లో జర్మనీ నుంచి వచ్చిన 618 మంది పరీక్ష ఈ అలవాటుని తిప్పేసింది. చేరిన 24 గంటల్లో ఆపరేషన్ చేసినవాళ్లలో ఇబ్బందులు 11.8 శాతం, మందులిచ్చి ఆగినవాళ్లలో 34.4 శాతం. ఆగితే మధ్యలో మళ్లీ నొప్పి, మళ్లీ అడ్మిషన్. ఈలోగా వాపు మానుతూ చుట్టుపక్కల కణజాలాన్ని గట్టిగా అతికించేస్తుంది. మొదటి మూడు రోజుల్లో ఉండే వాపు నీరు పట్టి మెత్తగా విడివడుతుంది. మూడు వారాలకి అదే గట్టిపడి కత్తికి లొంగదు. నొప్పి మొదలైన వారం లోపల చేయగలిగితే చేయడమే మేలు. దూరపు ఊళ్ల నుంచి వచ్చేవాళ్లకి ఈ వారం దారిలోనే అయిపోవడం మామూలు. ఊళ్లో రెండు రోజులు గ్యాస్ ఇంజెక్షన్లు, టౌన్లో రెండు రోజులు సెలైన్లు, నగరానికి చేరేసరికి ఆరో రోజు.

ఇక ఆపరేషన్‌లో ఏం తప్పుతుందో దగ్గరగా చూద్దాం. బొడ్డు దగ్గర పరికరాలు దూర్చే 10 మిల్లీమీటర్ల గొట్టం (పోర్ట్), రొమ్ము ఎముక కింద ఇంకొకటి, కుడి పక్కన రెండు 5 మిల్లీమీటర్లవి. కడుపులో కార్బన్ డయాక్సైడ్ 12 నుంచి 14 మిల్లీమీటర్ల పాదరస పీడనానికి నింపుతారు. తిత్తి అడుగును కుడి భుజం వైపు పైకెత్తి పట్టుకుంటారు. మెడను మాత్రం పక్కకీ కిందికీ లాగాలి. ఆ మెడనీ పైకే లాగితే తిత్తి నుంచి వచ్చే చిన్న నాళం, కాలేయం నుంచి దిగే ప్రధాన పైత్యనాళం ఒకే గీతలో పడి ఒకటే గొట్టంలా కనపడతాయి. సర్జన్ ప్రధాన నాళానికే క్లిప్పులు వేసి కోసేస్తారు. 2003లో 252 గాయాల్ని విశ్లేషిస్తే 97 శాతం చేతి నైపుణ్యం లోపం వల్ల కాదు, కన్ను మోసపోవడం వల్ల జరిగాయి. నాళం తెగిందన్న అనుమానం కూడా ఆ క్షణాన రాదు. కోత ఆపరేషన్లో వెయ్యికి ఒకటి రెండుగా ఉన్న ఈ గాయం, లాపరోస్కోపీ తొలి రోజుల్లో వెయ్యికి మూడు నుంచి ఆరు దాకా పెరిగింది.

1995లో సర్జన్ స్ట్రాస్‌బర్గ్ చెప్పిన మూడు షరతులు దీనికి విరుగుడు. తిత్తి నాళం, ప్రధాన నాళం, కాలేయం మధ్య ఉండే త్రికోణంలోని కొవ్వూ పొరలూ పూర్తిగా తీసేయాలి. తిత్తి కింది మూడో వంతు కాలేయం నుంచి విడిపోయి వెనక కాలేయం కనపడాలి. తిత్తిలోకి రెండే రెండు గొట్టాలు, దాని నాళం, దాని రక్తనాళం, వెళ్తూ ఉండాలి, మూడోది ఉండకూడదు. మూడూ కనపడేదాకా క్లిప్ పడకూడదు. కనపడకపోతే? అక్కడ ఆగి తిత్తిలో కొంత భాగం వదిలేసి మిగతాది తీయొచ్చు, లేదా కడుపు తెరవొచ్చు. మధ్యలో ఓపెన్ చేశామని బయటికొచ్చి చెబితే బంధువులు డాక్టర్‌కి చేతకాలేదనుకుంటారు. ఆ భయంతో ముందుకెళ్లిన సర్జన్ కన్నా ఆగిన సర్జనే నయం.

నాళం తెగితే గుర్తు ఇదీ: రెండో రోజుకి లేచి తిరగాల్సిన మనిషి లేవడు. కడుపు ఉబ్బుతుంది, జ్వరం, డ్రెయిన్ గొట్టంలో ఆకుపచ్చ పైత్యరసం, కళ్లలో పసుపు. అప్పుడు అక్కడే మళ్లీ కుట్టడానికి ప్రయత్నించడం పెద్ద తప్పు. 1995లో వచ్చిన ఒక పరిశీలనలో, మొదటి ఆపరేషన్ చేసిన సర్జనే సరిచేసిన కేసుల్లో 17 శాతమే నిలిచాయి. ఈ పనిలో అనుభవం ఉన్నవాళ్ల చేతిలో 94 శాతం. డ్రెయిన్ వేసి, యాంటీబయాటిక్ మొదలెట్టి, కాలేయం సర్జరీ ప్రత్యేకంగా చేసేచోటికి పంపేయాలి.

ఇంతవరకూ మామూలు రోగి. అల్లూరి సీతారామరాజు జిల్లా నుంచి, ఒడిశా సరిహద్దు నుంచి వచ్చే ఆదివాసీ రోగుల్లో కొందరి రాళ్లు వేరు. వీళ్లలో సికిల్ సెల్ జబ్బు ఉంటే ఎర్రకణాలు కొడవలిలా వంగి త్వరగా విరిగిపోతాయి. విరిగిన కణాల నుంచి పుట్టే పసుపు పదార్థం, బిలిరుబిన్, పిత్తాశయంలో చేరి నల్ల రాళ్లవుతుంది. వీటిని ఏ మాత్రా కరిగించదు. కొలెస్ట్రాల్ రాళ్లు నడివయసు జబ్బైతే ఇవి బడి పిల్లల్లోనే కనపడతాయి. పదేళ్ల పిల్లకి రాయి ఉందంటే రక్తం పరీక్ష అడగకుండా సర్జరీ తేదీ ఇవ్వకూడదు. భారత్‌లో సికిల్ సెల్‌ని నీలగిరి ఆదివాసీల్లో 1952లో గుర్తించారు. జాతీయ స్థాయిలో నిర్మూలన మిషన్ 2023 జూలై 1న మొదలైంది. స్క్రీనింగ్‌లో వాడే సాల్యుబిలిటీ పరీక్ష జబ్బునీ, కేవలం వాహకుణ్నీ విడదీయలేదు. ఆపరేషన్‌కి ముందు హిమోగ్లోబిన్ రకాల్ని విడదీసి చూపే హెచ్‌పీఎల్‌సీ రిపోర్టు తప్పనిసరి. వాహకులకి మామూలు ఆపరేషనే.

రాయి నొప్పా, వంగిన కణాలు రక్తనాళాల్లో ఇరుక్కుని వచ్చే సికిల్ క్రైసిస్ నొప్పా తేల్చడం కష్టం. కళ్లు ఎప్పుడూ కాస్త పచ్చగానే ఉంటాయి కాబట్టి కామెర్లు ఉన్నాయంటే ఏమీ తెలియదు. నాళం మూసుకుంటే పెరిగే డైరెక్ట్ బిలిరుబిన్ పెరిగిందా, నాళం 6 మిల్లీమీటర్లు దాటి వెడల్పైందా చూడాలి. ఇంకో చిక్కు: జ్వరానికి ఇచ్చిన సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షనే పిత్తాశయంలో పేరుకుని రాయిలా కనపడుతుంది. మందు ఆపి కొన్ని వారాల తర్వాత స్కాన్ తీస్తే మాయమవుతుంది. మౌనంగా ఉన్న రాయిని ఇక్కడా వదిలేయొచ్చు. జమైకాలో పుట్టినప్పటి నుంచి గమనించిన పిల్లల్లో 96 మందికి రాళ్లు వస్తే, ఆపరేషన్ తప్పనిసరయ్యేంత లక్షణాలు ఏడుగురికే. నొప్పి మొదలైతే మాత్రం అర్ధరాత్రి ఎమర్జెన్సీ దాకా తెచ్చుకోకుండా ప్లాన్ చేసుకుని తీసేయాలి.

ఆ ప్లాన్‌లో రక్తమే కీలకం. 1995లో 604 ఆపరేషన్ల మీద వచ్చిన అమెరికా అధ్యయనం, హిమోగ్లోబిన్‌ని 10 గ్రాములకి తెస్తే చాలని, సికిల్ హిమోగ్లోబిన్‌ని 30 శాతం కిందికి దించే భారీ రక్త మార్పిడి అక్కర్లేదని తేల్చింది. భారీ పద్ధతిలో రక్తం వల్ల వచ్చే ఇబ్బందులు రెట్టింపు. అసలు ఎక్కించకపోతే? 2013లో 67 మందితో చేసిన పరీక్షని మధ్యలోనే ఆపాల్సొచ్చింది: రక్తం ఎక్కించనివాళ్లలో 39 శాతానికి, ఎక్కించినవాళ్లలో 15 శాతానికి ఇబ్బందులు. పది మందికి ఊపిరితిత్తులు దెబ్బతినే ఛాతీ సిండ్రోమ్ వస్తే వాళ్లలో తొమ్మిది మంది ఎక్కించని జట్టువాళ్లే. అలాగని 11 గ్రాములు దాటించకూడదు, రక్తం చిక్కబడి ఇంకో ప్రమాదం.

మిగిలినవి చిన్న పనులు, మర్చిపోయేవీ అవే. ముందు రాత్రి నుంచి నోటికి ఏమీ ఇవ్వనప్పుడు సెలైన్ నడవాలి, ఎండిపోతే కణాలు వంగుతాయి. థియేటర్లో ఏసీ తగ్గించి, దుప్పటి కప్పి, సెలైన్ వెచ్చబెట్టాలి. ఆపరేషన్ తర్వాత ఊపిరి వ్యాయామానికి ఇచ్చే మూడు బంతుల గొట్టాన్ని మెలకువగా ఉన్నంతసేపూ రెండు గంటలకోసారి పీల్పించాలి, ఊదించకూడదు. నొప్పికి భయపడి పైపైన ఊపిరి తీసే పిల్లకే రెండో మూడో రోజు ఛాతీ ఎక్స్‌రేలో నీడ వస్తుంది. కాబట్టి నొప్పి మందు విషయంలో పిసినారితనం పనికిరాదు.

రెండో రోజుకి ఇంటికి పంపే అలవాటు ఈ రోగులకి వర్తించదు. ఇంకో రెండు మూడు రోజులు ఉంచుకోవడమే మంచిది. పాడేరు ఘాట్ రోడ్డెక్కాక వెనక్కి రావడం అంత తేలిక కాదు. డిశ్చార్జ్ కాగితం మీద ఎక్కించిన యూనిట్లు, తేదీలు రాయాలి. వారం పది రోజులకి మూత్రం కోకాకోలా రంగులోకి మారి, జ్వరమొచ్చి, హిమోగ్లోబిన్ ఆపరేషన్ ముందున్న దానికన్నా కిందికి పడితే, అది ఎక్కించిన రక్తాన్ని ఒంట్లోని యాంటీబాడీలు ఆలస్యంగా విరగ్గొట్టడం. ఊళ్లో పీహెచ్‌సీ డాక్టర్‌కి ఆ తేదీలు తెలియకపోతే రక్తం తక్కువైందని మరో యూనిట్ ఎక్కించేస్తారు, జబ్బు ఇంకా ముదురుతుంది.