ఎండలో కిడ్నీకి వెళ్ళే కబురు

ఎర్రగుంట్ల దగ్గర నాపరాయి గనిలో పనిచేసే ఒక పాఠకుడు అడిగాడు: "మే నెలలో చెంబులకు చెంబులు నీళ్ళు తాగినా మూత్రం కొంచెమే వస్తోంది, అదీ ముదురు పసుపు. వేడి చేసిందని మా అవ్వ బొటనవేలి గోళ్ళకు సున్నం పూస్తోంది. తగ్గుతుందా సార్?"

సున్నంతో గోరు తెల్లబడుతుంది, అంతే. ఉప్పేసిన మజ్జిగ ఇస్తే మాత్రం మంచిదే. చెమటతో నీళ్ళే కాదు, ఉప్పు కూడా పోతుంది.

రంగు సంగతి తేలిక. పాత ఎర్ర రక్తకణాలు విరిగితే చివరికి యూరోబిలిన్ అనే పసుపు పదార్థం వస్తుంది. దాన్ని కలుపుకునే నీళ్ళు తగ్గాయి, రంగు ముదిరింది. మరి నీళ్ళను ఎవరు ఆపారు? అసలు మజా అక్కడుంది.

చెమట రక్తం కంటే పలచన. అందుకే చెమట కారేకొద్దీ ఒంట్లో మిగిలిన రక్తం చిక్కబడుతుంది. ఒకటి రెండు శాతం చిక్కబడినా చాలు, మెదడు అడుగున హైపోథలామస్‌లోని కొన్ని కణాలు నీళ్ళు కోల్పోయి ముడుచుకుంటాయి, ఆ ముడతే వాటికి సంకేతం. 1947లో వెర్నీ అనే శాస్త్రజ్ఞుడు, బాగా నీళ్ళు తాగించిన కుక్కల మెడ ధమనిలోకి చిక్కటి ఉప్పునీళ్ళు ఎక్కించి, మూత్రం తగ్గిపోవడం చూపించాడు.

ఆ సంకేతం అందుకునే నాడీకణమే వాసోప్రెసిన్ అనే హార్మోన్ తయారు చేస్తుంది. తొమ్మిది అమైనో ఆమ్లాల చిన్న ముక్క అది. దాన్ని తన పొడవాటి తోకగుండా పిట్యూటరీ గ్రంథి వెనక భాగానికి పంపి నిలవ చేస్తుంది. కరెంటు సంకేతం తోక కొసకు చేరగానే హార్మోన్ రక్తంలో పడుతుంది. మన స్కూళ్ళలో నాడీవ్యవస్థ ఒక పాఠం, గ్రంథులు ఇంకో పాఠం. పరీక్షలో "భేదాలు రాయుము" అని నాలుగు మార్కులు. ఈ కణాన్ని ఏ గడిలో రాయాలో పేపరు దిద్దే అయ్యవారు చెప్పాలి.

కిడ్నీలు రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడకడతాయి. అందులో ఎక్కువ భాగం ఎవరి ఆజ్ఞా లేకుండానే వెనక్కి వెళ్ళిపోతుంది. మిగిలిన దాని భవితవ్యం తేలేది చివరి సేకరణ నాళాల్లో. అక్కడి కణాల మీద హార్మోన్ కబురు అందుకునే వి2 అనే గ్రాహకం ఉంటుంది, దాన్ని వాసోప్రెసిన్ పట్టుకుంటుంది. కణం లోపల ఆ కబురు మోసే సైక్లిక్ ఏఎంపీ అనే చిన్న అణువు పెరుగుతుంది, ఒక ఎంజైమ్ మేలుకుంటుంది. నీళ్ళకు దారి ఇచ్చే ఆక్వాపోరిన్-2 అనే ప్రోటీన్లను మోసే బుడగలు కదిలి కణం గోడకు అతుక్కుంటాయి. చెరువు తూము తలుపు ఎత్తడం కాదిది, తూమునే మోసుకొచ్చి కట్టకు బిగించడం! పని అయ్యాక ఊడబెరికి లోపల దాచేస్తారు. ఒక్కో తూములో నీటి అణువులు ఒకదాని వెనక ఒకటిగా మాత్రమే పోతాయి, ఉప్పుకు దారి లేదు. నాళం చుట్టూ ఉన్న చిక్కటి కణజాలం ఆ నీళ్ళను లాగేస్తుంది. మూత్రం రక్తం కంటే నాలుగు రెట్లు దాకా చిక్కబడగలదు. ఈ ఆక్వాపోరిన్ల జాతిని కనిపెట్టినందుకే పీటర్ ఆగ్రేకు 2003లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది.

వాసోప్రెసిన్ బొత్తిగా లేనివాళ్ళకు రోజుకు పది పదిహేను లీటర్ల మూత్రం పోవచ్చు. మద్యం కూడా దీన్ని అణిచేస్తుంది. ఎండన పడి వచ్చి బీరు తాగితే చల్లబడతామనుకునేవాళ్ళు అన్నే నీళ్ళు తాగినప్పటికంటే ఎక్కువే బాత్రూంలో వదిలి రావచ్చు.

ఇంకో విచిత్రం. గ్లాసు నీళ్ళు గొంతు దిగీదిగగానే దాహం తీరుతుంది, ఆ నీళ్ళు రక్తంలోకి సరిగ్గా చేరకముందే. నోరు, గొంతు నుంచి నాడులు ముందే కబురు పంపుతాయి, వాసోప్రెసిన్ కూడా నిమిషాల్లో తగ్గుతుంది. మరి ఆ కబురు అబద్ధమైతే? ఎలుకల చేత ఉప్పునీళ్ళు తాగించి చూశారు. మెదడులోని దాహపు కణాలు కాసేపు సద్దుమణిగాయి, పేగు నుంచి రెండో కబురు అందగానే మళ్ళీ దాహం దాహం అని మొదలుపెట్టాయి.