వోచరు లేని కడుపునొప్పి

పిల్లలూ,

మొన్న ఆదివారం డాబా మీద బుజ్జిగాడి పుట్టినరోజుకు మీరందరూ సమోసాల పళ్లెం చుట్టూ మూగినప్పుడు నేను జేబులోంచి జొన్న పేలాల పొట్లం తీశాను. మీ నవ్వులు నాకు వినబడ్డాయి. చెవుడు ఇంకా రాలేదు. కేకు వద్దన్నాను, ఉస్మానియా బిస్కెట్టు వద్దన్నాను, కింది వాటావాళ్లు పంపిన హలీం గిన్నె మూత తీసి, వాసన మాత్రం పీల్చి, మళ్లీ మూత పెట్టేశాను. హలీంలో మాంసంతో పాటు గోధుమలు కలిసి ఉడికి, దంపుడికి కనబడకుండా పోతాయి. అప్పుడు చిట్టి నా పక్కకు వచ్చి మెల్లగా అడిగింది: "తాతయ్యా, గోధుమలు తింటే మీకు నిజంగానే ఏమైనా అవుతుందా, ఊరికే అంటారా?"

అందరి ముందూ జవాబు చెప్పలేకపోయాను. ముప్పై నాలుగేళ్లు ఆడిట్ ఉద్యోగం చేసినవాణ్ణి, నోటిమాట మీద నాకు గురి తక్కువ. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

నా చిన్నప్పుడు గోధుమ మా ఇంటికి పండగ చుట్టం. పూరీలు చేస్తే పండగ, లేకపోతే జొన్న రొట్టె, అన్నం, అంబలి. యాభై ఎనిమిదో ఏట షుగరు వచ్చింది. రాత్రి అన్నం మానేసి పుల్కాలు తినమన్నారు. ఈ సలహా హైదరాబాదులో ఎంతమందికి ఇచ్చి ఉంటారో తెలుసుకోవాలంటే సాయంత్రం ఏడింటికి ఏ కర్రీ పాయింటు ముందైనా నిలబడితే చాలు. నేనూ ఆ వరుసలో చేరాను. రెండు నెలలు తిరిగేసరికి కడుపు ఉబ్బి, తడితే డోలులా మోగేది. మర్నాడు పొద్దున తల దిమ్ముగా ఉండేది. పేపరులో ఒక పేరా చివరికి వచ్చేసరికి మొదటి వాక్యం గుర్తుండేది కాదు. అంకెలతో బతికినవాడికి అది కడుపు బాధకన్నా పెద్ద భయం.

డాక్టర్ల దగ్గరికి వెళ్లాను. మొదటాయన గ్యాస్ ట్రబుల్ అని మాత్రలు రాశారు. రెండో ఆయన వయసు అన్నారు. మూడో ఆయన నేను నోరు తెరిచి గోధుమ అనగానే "ఫోనులో చదివి వచ్చారా?" అని నవ్వారు. ఆ నవ్వు విన్నాక ఇంటికి వచ్చి రెండు రోజులు మీ నానమ్మతో కూడా సరిగ్గా మాట్లాడలేదు. నాకు కోపం వచ్చింది ఆయన మీద కాదు. ఉద్యోగంలో నేనూ అలాగే నవ్వేవాణ్ణి. ఎవరైనా చిన్న గుమాస్తా వచ్చి "అయ్యా, ఖర్చు నిజంగానే పెట్టాను, రశీదు పోయింది" అంటే, కళ్లజోడు పైనుంచి చూసి "వోచరు లేని ఖర్చు ఖర్చే కాదు" అని ఫైలు తిప్పి పంపేవాణ్ణి. ఇప్పుడు నా కడుపునొప్పే వోచరు లేని ఖర్చయింది.

అంతలో ఇందిరా పార్కులో నాతో నడిచే మిత్రుడొకాయన "గోధుమ మానెయ్యి, నెలలో తేలిపోతుంది" అన్నాడు. మానేశాను, తేలిపోయింది కూడా. కడుపు తగ్గింది, తల తేటపడింది. సంబరంగా నాలుగో డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆవిడ జీర్ణకోశ నిపుణురాలు, మీ పిన్ని వయసు ఉంటుంది. నేను గళ్లు గీసి నింపిన నోట్‌బుక్ ఆవిడ చేతికిచ్చాను. తేదీ, వేళ, తిన్నది, తరవాత జరిగింది. ఆవిడ ఒక్క మాటా మాట్లాడకుండా పేజీలు తిప్పారు. బయట ఇరవై మంది కూర్చుని ఉన్నారు, అయినా తిప్పారు. చివరికి తల ఎత్తి, "ఇప్పుడు గోధుమ తింటున్నారా?" అని అడిగారు.

"మానేసి మూడు నెలలైందమ్మా."

"అయ్యో, సాక్ష్యం చెరిపేసి కోర్టుకు వచ్చారు కదండీ!"

ఆవిడ అలా ఎందుకన్నారో తెలియాలంటే మీరొక పని చెయ్యాలి. గుప్పెడు మైదా తీసుకుని గట్టి ముద్దగా కలిపి, అరగంట నానబెట్టి, గిన్నెడు నీళ్లలో పెట్టి పిసకండి. నీళ్లు పాలలా తెల్లబడతాయి, అది గంజి పదార్థం. నీళ్లు మారుస్తూ పిసికితే చివరికి చేతిలో లాగితే సాగే, జిగురు బంక లాంటి ముద్ద మిగులుతుంది. అదే గ్లూటెన్, మాంసకృత్తుల ముద్ద. ఇటలీలో బెక్కారి అనే ఆయన 1745లో అచ్చు వేయించిన ప్రయోగం ఇదే. గోధుమలో, బార్లీలో, రై అనే ధాన్యంలో ఈ జాతి మాంసకృత్తులు ఉంటాయి. బియ్యంలో, జొన్నల్లో, రాగుల్లో, సజ్జల్లో, కొర్రల్లో ఉండవు. చపాతీని కర్రతో ఎంత పల్చగానైనా సాగదీయవచ్చు, జొన్న రొట్టె పిండిని మాత్రం మీ నానమ్మ వేడినీళ్లతో కలిపి అరచేత్తో తడుతుంది, చూశారా? పట్టి ఉంచే బంక అందులో లేదు కనుక.

గోధుమతో గొడవ మూడు రకాలు. మొదటిది సీలియాక్ వ్యాధి. చిన్నపేగు లోపలి గోడకు తివాచీ కుచ్చుల్లాంటి సన్నని వేళ్లు ఉంటాయి, అన్నంలోని సారాన్ని పీల్చుకునేవి అవే. సీలియాక్ ఉన్నవాళ్లు గ్లూటెన్ తింటే ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే తిరగబడి ఆ కుచ్చులను నున్నగా గొరిగేస్తుంది. ఎంత తిన్నా ఒంటికి పట్టదు. విరేచనాలు కావచ్చు, కాకపోనూవచ్చు. కొందరికి రక్తం తక్కువగా ఉండటం, నోటిపూత, పిల్లలైతే ఎత్తు పెరగకపోవడం, ఇంతే కనబడుతుంది. ఉత్తర భారతంలో ఇది సుమారు నూటికొకరికి ఉంది, మన దక్షిణాన చాలా అరుదు. అరుదు కాబట్టి ఇక్కడ చాలామందికి ముందు ఆ ఆలోచనే రాదు. రెండోది గోధుమ ఎలర్జీ. తిన్న కాసేపటికే దద్దుర్లు, వాపు, ఆయాసం వస్తాయి. ప్రాణం మీదికి కూడా రావచ్చు. మూడోది ఈ రెండూ కాకుండా గోధుమ పడకపోవడం. దానికి పరీక్ష లేదు. మొదటి రెండూ లేవని తేల్చుకున్నాకే ఆ పేరు పెడతారు.

సీలియాక్‌కు కారణం గోధుమేనని పట్టుకున్నది హేగ్ నగరంలో పిల్లల వైద్యుడు విల్లెం డిక్కె. ఆయనకు 1930ల నుంచే రొట్టె మీద అనుమానం ఉంది. 1944-45 చలికాలంలో యుద్ధం వల్ల హాలండ్‌లో తిండి కరువైంది. ఊరంతా చిక్కిపోతుంటే ఈ జబ్బు పిల్లలు మాత్రం కోలుకున్నారు. రొట్టె మళ్లీ దొరకగానే మళ్లీ మంచం పట్టారు. నాకు ఆ కథ చదివినప్పుడల్లా ఆయన దగ్గర కూడా ఒక నోట్‌బుక్ ఉండే ఉంటుందనిపిస్తుంది.

ఇక సాక్ష్యం సంగతి. సీలియాక్‌కు చేసే రక్తపరీక్ష గ్లూటెన్ మీద ఒళ్లు చేస్తున్న యుద్ధానికి ఆనవాళ్లు వెతుకుతుంది. తరవాత ఎండోస్కోపీ గొట్టంతో చిన్నపేగు మొదటి భాగం నుంచి రవ్వంత ముక్కలు తీసి ఆ కుచ్చులు ఎలా ఉన్నాయో చూస్తారు. గోధుమ మానేసిన కొద్దీ ఆనవాళ్లు తగ్గుతాయి, కుచ్చులు మొలుస్తాయి. జబ్బు ఉన్నా లేదని కాగితం వస్తుంది. పరీక్ష కోసం మళ్లీ గోధుమ తినకుండా తప్పించుకునే దారి ఒకటుందన్నారు ఆవిడ. డీక్యూ2, డీక్యూ8 అనే జన్యువులు లేనివాళ్లకు సీలియాక్ దాదాపు రాదు. అవి లేకపోతే నన్ను వదిలేద్దామనుకున్నారు. అవి ఉన్న జనం బోలెడు, వాళ్లలో జబ్బు వచ్చేది కొద్దిమందికే. నా ఖర్మ, నాకు ఒకటి ఉంది. ఆరు వారాలు రోజూ రెండు పూటలా పుల్కాలు తినాలన్నారు. తిన్నాను. ఆ ఆరు వారాలు మీరెవరూ నన్ను సినిమాకు రమ్మనకపోవడం మంచిదయింది.

రిపోర్టులు వచ్చాయి. అన్నీ మామూలే. ఎలర్జీ కూడా లేదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ కాగితం చూసి నా ముఖం వాడిపోయింది. జబ్బు లేదంటే ఏడ్చేవాడు ఎవడైనా ఉంటాడా? నేనున్నాను. మళ్లీ వోచరు లేదు. ఆవిడ అది కనిపెట్టి, "మీ బాధ అబద్ధమని ఈ కాగితం చెప్పడం లేదు. సీలియాక్ కాదని మాత్రమే చెబుతోంది. మిగతాది మనమిద్దరం కలిసి చూసుకోవాలి" అన్నారు. ఆ "మనమిద్దరం" అన్న మాట నాకు సగం మందు.

ఆవిడ చెప్పిన పద్ధతిలో మీ నానమ్మను పరీక్షాధికారిని చేశాం. నాలుగు వారాల పాటు ఆదివారం ఒకటి, బుధవారం ఒకటి, మొత్తం ఎనిమిది పెద్ద దోసెలు. నాలుగింటిలో మైదా కలుపుతుంది, నాలుగింటిలో కలపదు. ఏది ఏదో నాకు చెప్పదు. రుచి తెలియకుండా అల్లం దంచి పోసింది. ఏ రోజు ఏ దోసె వేసిందో రాసుకున్న కాగితం బియ్యం డబ్బాలో దాచింది. నెల అయ్యాక ఇద్దరి చిట్టాలూ బల్ల మీద పక్కపక్కన పెట్టి చూశాం. మైదా ఉన్న నాలుగు రోజులూ పట్టుకున్నాను. నేను మీసం మెలేసేలోపు మీ నానమ్మ ఇంకో గడి మీద వేలు పెట్టింది. మూడో ఆదివారం ఉత్త బియ్యప్పిండి దోసె తిని, మధ్యాహ్నమంతా "చచ్చానే" అని సోఫాలో మూలిగానట. అంటే, పిల్లలూ, భయం కూడా కడుపు ఉబ్బిస్తుంది. ఒకటి నిజమైతే ఇంకోటి అబద్ధం కానక్కరలేదు.

ఇంకో మెలిక ఉంది. నాకు ఉల్లిపాయ ఎక్కువైనా ఇంచుమించు ఇలాగే అవుతుంది. గోధుమలో, ఉల్లిలో, వెల్లుల్లిలో ఫ్రక్టాన్ అనే పిండి పదార్థం ఉంటుంది. నార్వేలో గ్లూటెన్ పడదనుకునే 59 మందికి, ఏది ఏదో చెప్పకుండా మూడు రకాల చిరుతిండి బార్లు తినిపించి 2018లో ఫలితాలు ప్రకటించారు. గ్లూటెన్ బార్ల కన్నా ఫ్రక్టాన్ బార్లకే బాధ ఎక్కువ కనబడింది. కాబట్టి నా శత్రువు అసలు పేరేమిటో నాకే ఖాయంగా తెలియదు. డాక్టరమ్మ కూడా తెలిసినట్టు నటించలేదు, అందుకే ఆవిడ మీద నాకు గురి.

బతకడం కష్టమా అంటే, బియ్యం, జొన్నలు ఉన్న ఊళ్లో కష్టమేమిటి? చిరుధాన్యాల పరిశోధన సంస్థ ఉన్నదే మన రాజేంద్రనగర్‌లో. సకినాలు, సర్వపిండి, అరిసెలు ఎప్పుడూ బియ్యప్పిండివే. చిక్కు అంతా కనబడని చోట. భూతద్దం పెట్టి ఇంగువ డబ్బా వెనక చదివితే మూడో మాట గోధుమ పిండి! ఉప్మా రవ్వ, సేమ్యా, సోయా సాస్, పాలలో కలుపుకునే మాల్ట్ పొడి, అన్నీ ఆ ఖాతాలోవే. గిర్నీలో గోధుమలు పట్టిన వెంటనే మన జొన్నలు పోస్తే మొదటి కిలోలో వాటి పిండీ వస్తుంది. నాకు ఆ కాస్తకు ఫరవాలేదు. సీలియాక్ ఉన్నవాళ్లకు మాత్రం ఆ కాస్త కూడా ఫరవాలేదనకూడదు, జీవితాంతం. గ్లూటెన్ లేదని పొట్లం మీద వేసుకోవాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములు మించరాదన్నది మన దేశపు నియమం. మీ క్లాసులో ఎవరైనా డబ్బా పంచుకోకపోతే "ఒక్క ముక్కకు ఏమవుతుందిలే" అని నోట్లో కుక్కకండి. సత్యనారాయణ వ్రతం ప్రసాదం గోధుమ రవ్వదే. నేను కళ్లకద్దుకుని నానమ్మ చేతిలో పెడతాను. స్వామి ఇంతవరకు ఏమీ అనలేదు, చుట్టాలే అన్నారు.

చిట్టీ, ఈ ముక్క నీకు. మిగతావాళ్లూ చదవవచ్చు, దాచాల్సినదేమీ లేదు. నువ్వు అడిగింది నా గురించి కాదని నాకు ఆ రాత్రి పడుకున్నాక తట్టింది. ఆరు నెలలుగా ఐరన్ సిరప్ తాగుతున్నావు, రక్తం పెరగలేదు. నోటిపూత వచ్చి పోతోంది. పొద్దున లేచి వంటగది తలుపు చట్రం మీద పెన్సిల్ గీతలు చూశాను. కిందటి సంక్రాంతి గీతకూ నిన్న నేను గీసినదానికీ మధ్య నా గోరు పట్టే చోటు లేదు. కడుపునొప్పి అన్నప్పుడల్లా బడి ఎగ్గొట్టడానికే అంటున్నారని చెప్పడం మానేశావు కదూ? నాకున్నదే నీకుందని నేననను. సీలియాక్ అనీ అనను, అనే అర్హత నాకు లేదు. మీ అమ్మతో మాట్లాడాను. గురువారం సాయంత్రం ఐదున్నరకు పిల్లల జీర్ణకోశ డాక్టరు దగ్గరికి ముగ్గురం వెళుతున్నాం. ఆయన అడిగినప్పుడు అమ్మ వైపు చూడకు, నా వైపు చూడకు, నువ్వే చెప్పు. ఆయన "ఊరికే అంటున్నావు" అని కొట్టేసినా, ఈసారి పక్కన నేనుంటాను, ఇంకోసారి అడుగుతాను.

అప్పటిదాకా పుల్కా మానకు. నా తప్పు నువ్వు చెయ్యకు. నీ బల్ల మీద కొత్త నోట్‌బుక్ పెట్టాను, నాలుగు గళ్లూ గీసి ఉన్నాయి. పెన్సిల్‌తో కాదు, పెన్నుతో రాయి. కొట్టివేతలుంటే ఉండనీ, చెరపడం మాత్రం వద్దు.

ఇట్లు
మీ తాతయ్య