ఈసీజీలో వంశపారంపర్య గుండె కండరం జబ్బు: అపోహలు – వాస్తవాలు

బీపీ లేదు, వాల్వు జబ్బు లేదు, అయినా ఎడమ జఠరిక (గుండెలో ఎడమవైపు కింది గది) గోడ మందంగా ఉంది. ఎక్కువ సందర్భాల్లో దీనికి కారణం హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి. జన్యులోపంతో వచ్చే ఈ జబ్బు దాదాపు 500 మందిలో ఒకరికి ఉంటుందని అంచనా. చాలామందికి ఏ ఇబ్బందీ తెలియదు. వేరే పని మీద తీసిన ఈసీజీలోనే మొదటిసారి జాడ దొరుకుతుంది. ఆ జాడను తప్పుగా చదవడం నేను తరచూ చూస్తుంటాను. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: క్యూ వేవ్ (ఈసీజీలో పెద్ద గీతకు ముందు కిందికి దిగే గీత) ఉందంటే ఎప్పుడో హార్ట్ ఎటాక్ వచ్చిపోయినట్టే.

అన్నిటికంటే ఎక్కువ హాని చేసేది ఇదే. గుండె కొట్టుకునేటప్పుడు రెండు జఠరికల మధ్య గోడలో కరెంటు మొదట ఎడమ నుంచి కుడికి పోతుంది. ఆ గోడ మందమైతే ఆ కరెంటు బలమూ పెరుగుతుంది. దాంతో ఎడమవైపు లీడ్‌లలో (లీడ్ అంటే గుండెను ఒక్కో కోణం నుంచి చూపే ఈసీజీ గీత), అంటే 1, ఏవీఎల్, వీ5, వీ6లలో, కొందరిలో కింది లీడ్‌లలో కూడా, లోతైన క్యూ వేవ్ పడుతుంది. అది బాకులా సన్నగా, నిటారుగా దిగుతుంది. వెడల్పు సాధారణంగా ఈసీజీ కాగితం మీది ఒక చిన్న గడి కూడా ఉండదు. హార్ట్ ఎటాక్ మిగిల్చే క్యూ వేవ్ మామూలుగా ఒక చిన్న గడి, అంటే 40 మిల్లీసెకన్లు, లేదా అంతకంటే వెడల్పు ఉంటుంది. లోతైన క్యూ ఉన్న లీడ్‌లోనే టీ వేవ్ (కొట్టుకున్నాక గుండె మళ్లీ సిద్ధమవడాన్ని చూపే గీత) పైకి నిలబడి ఉంటే ఈ జబ్బేనన్న నా అనుమానం ఇంకా బలపడుతుంది. ఈ తేడాలు ప్రతిసారీ పనిచేయవు. కండరంలో మచ్చ ఏర్పడినవాళ్లలో క్యూ వెడల్పుగానూ ఉండొచ్చు. అయినా పాతికేళ్ల మనిషి ఈసీజీ మీద మెషీన్ 'పాత ఇన్‌ఫార్క్ట్' (పాత హార్ట్ ఎటాక్) అని ప్రింట్ చేస్తే, ఆ మాట నమ్మి మందులు మొదలుపెట్టకండి. ముందు ఎకో (గుండె అల్ట్రాసౌండ్ స్కాన్) చేయించండి. మెషీన్‌కు ఆ మనిషి కుటుంబ చరిత్ర తెలియదు కదా.

అపోహ: వోల్టేజ్ (ఈసీజీ గీతల ఎత్తు) ఎక్కువగా ఉంటే కండరం మందమైనట్టు.

సన్నగా ఉండే యువతలోనూ, బాగా శిక్షణ పొందిన క్రీడాకారుల్లోనూ పొడవాటి ఆర్ వేవ్‌లు (పైకి లేచే పెద్ద గీతలు) మామూలే. వేరే తేడా ఏమీ లేకుండా వోల్టేజ్ ఒక్కటే పెరిగితే, లక్షణాలు గానీ కుటుంబ చరిత్ర గానీ లేనివాళ్లకు టెన్షన్ పెట్టక్కర్లేదు. వీ5, వీ6లలో టీ వేవ్ తిరగబడటం, ఎస్‌టీ (టీ వేవ్‌కు ముందుండే భాగం) కిందికి దిగడం, లోతైన క్యూ వేవ్ కనిపిస్తే మాత్రం 'ఆటగాడి గుండె' అని సరిపెట్టకూడదు. పూర్తి పరీక్షలయ్యే దాకా పోటీలు ఆపించాలి. ఇంకో సంగతి, ఈ జబ్బు ఉన్నవాళ్లందరికీ వోల్టేజ్ పెరగదు.

అపోహ: టీ వేవ్‌లు లోతుగా తిరగబడ్డాయి, యాంజియోగ్రామ్ క్లీన్‌గా ఉంది, ఇక భయం లేదు.

ఛాతీ మధ్య లీడ్‌లలో టీ వేవ్ పది మిల్లీమీటర్లు, ఇంకా ఎక్కువ కిందికి దిగితే గుండె కొన దగ్గర కండరం మందమైందేమో చూడాలి. ఈ రకాన్ని 1970లలో జపాన్ వైద్యులు వివరంగా వర్ణించారు. మామూలు ఎకోలో గుండె కొన సరిగ్గా కనపడక ఇది తప్పిపోతుంటుంది. అనుమానం మిగిలితే కాంట్రాస్ట్ ఎకో (రక్తనాళంలోకి మందు ఎక్కించి తీసే ఎకో) గానీ కార్డియాక్ ఎంఆర్‌ఐ గానీ చేయించాలి. రక్తనాళాల్లో అడ్డు లేదని యాంజియోగ్రామ్ చెప్పగలదు, కండరం సంగతి తేల్చలేదు.

అపోహ: గోడ మందంగా ఉంటే అది ఇదే జబ్బు.

కాకపోవచ్చు. పీఆర్ విరామం (గుండె పై గదుల నుంచి కింది గదులకు కరెంటు చేరే సమయం) కురచగా ఉంటే ఫాబ్రీ, డానన్ లాంటి అరుదైన జన్యు జబ్బులను కూడా గుర్తుచేసుకోవాలి. ఎకోలో గోడ మందంగా ఉన్నా ఈసీజీలో వోల్టేజ్ తక్కువగా ఉంటే అమైలాయిడ్ (కండరంలో అసహజ ప్రొటీన్ పేరుకునే జబ్బు) వైపు చూడాలి. చికిత్సలు వేరు కాబట్టి ఈ తేడా ముఖ్యం.

అపోహ: ఇంట్లో ఒకరికి జబ్బు ఉన్నా, నా ఈసీజీ నార్మల్ కాబట్టి నాకు లేదు.

ఈ జబ్బు ఉన్న పదిమందిలో తొమ్మిదిమందికి పైగా ఈసీజీలో ఏదో ఒక తేడా ఉంటుంది, నిజమే. కానీ కొద్దిమందిలో పూర్తిగా నార్మల్‌గానే వస్తుంది. జన్యులోపం ఉన్న తల్లి లేదా తండ్రి నుంచి అది ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం యాభై శాతం. గోడ మందం తరచుగా కౌమారంలో బయటపడుతుంది, కొందరిలో ఇంకా ఆలస్యంగా. అందుకే తల్లిదండ్రులకు, తోబుట్టువులకు, పిల్లలకు ఈసీజీతో పాటు ఎకో కూడా చేయాలి. ఒక్కసారితో ఆపకుండా పిల్లలకు, టీనేజర్లకు ఏడాది రెండేళ్లకోసారి, పెద్దవాళ్లకు మూడు నుంచి ఐదేళ్లకోసారి మళ్లీ చూడాలి. జన్యు పరీక్షలో కుటుంబంలోని లోపం కచ్చితంగా తెలిసి, అది తమకు లేదని తేలినవాళ్లకు ఈ తిరుగుడు అక్కర్లేదు.

కొందరిలో ఎకోలో మందం కనిపించక ముందే ఈసీజీ మారుతుంది. మామూలుగా పెద్దవాళ్లలో 15 మిల్లీమీటర్ల మందం ఉంటేనే జబ్బు అంటాం. కుటుంబంలో ఇప్పటికే రోగి ఉంటే 13 చాలు. కాబట్టి అలాంటి ఇంటి నుంచి వచ్చిన మనిషికి ఎకోలో 12 ఉండి, ఈసీజీలో వీ5, వీ6 టీ వేవ్‌లు తిరగబడి ఉంటే 'నార్మల్' అని రాసి పంపించకండి. ఆ ఈసీజీ కాగితాన్ని ఫైల్లో దాచమని చెప్పి, ఏడాదిలోపు మళ్లీ పిలిపించండి. శ్రమ చేస్తుండగా ఎప్పుడైనా స్పృహ తప్పిందా, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా చనిపోయారా అన్నది ఆ రోజే అడిగి ఫైల్లో రాసిపెట్టండి.